నిన్న రావాల్సింది

ఆ రేవుపట్నంలో జరగాల్సిన వింతలన్నీ నిన్ననే జరిగిపోయాయి. ఇవాళ ఏమీ జరగదు. ఒకవేళ జరిగినా ఆ సంగతి రేపు బయటికొస్తుంది, అప్పటికి అది నిన్నటిదైపోతుంది. ఈ లెక్క కనిపెట్టిన మహానుభావుణ్ణి ఊరంతా నిన్నగారు అని పిలుస్తుంది. ఆయనకి అసలు పేరొకటి ఉండేదట. అది నిన్నటిదాకా వాడుకలో ఉందట.

నిన్నగారు గైడు. పొద్దున్న పదింటికి బస్సొచ్చి రేవు మలుపులో ఆగేసరికి, చివర ఎర్రగుడ్డ కట్టిన పొడుగాటి కర్ర పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంటాడు. మొదటి ప్రయాణికుడి కాలు నేలకి ఆనకముందే టోపీ తీసి, అరచేత్తో నుదురు కొట్టుకుని, పొయ్యి మీద పాలు పొంగిపోయినంత బాధగా అంటాడు:

"అయ్యయ్యో! నిన్న రావాల్సిందండీ!"

దాంతో దిగినవాడు సముద్రం మొహమైనా చూడకుండానే సగం నష్టపోతాడు.

"ఏం, నిన్నేమైంది?"

"ఏమైందని అంత తాపీగా అడుగుతున్నారా? తిమింగలం వచ్చిందండీ. రేవు గుంజకి వీపు గోక్కుని మరీ వెళ్ళింది. అదిగో, ఆ గుంజ ఒరిగి ఉందా లేదా?"

గుంజ ఒరిగే ఉంటుంది. అది ఒరిగి ముప్ఫయ్యేళ్ళయింది. పాతినవాడు ఆ రోజు తనే నిటారుగా నిలబడలేని స్థితిలో ఉన్నాడు.

ఈ నిన్నలన్నిటినీ దగ్గరుండి భరించింది ఆయన చెల్లెలు. బస్సు ఆగే మలుపుకి ఎదురుగా ఆవిడకి ఆరు గదుల లాడ్జి ఉంది. వెనకవైపు చిరిగిన వలలూ, విరిగిన తెడ్లూ పడేసే కొట్టుగది అన్నగారి నివాసం. ఆయన పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "నిన్నటిదాకా ఒక మంచి సంబంధం ఉండేదండీ" అంటాడు.

చెల్లెల్ని అడిగితే ఇది పుట్టుకతో వచ్చిన రోగమంటుంది. మంత్రసాని చెప్పిన రోజుకి సరిగ్గా ఒకరోజు ఆలస్యంగా పుట్టాడట. అప్పట్నుంచీ ఆ ఒక్కరోజు కోసం వెతుక్కుంటున్నాడట. ఆవిడకి ఊరివాళ్ళ మీద లేని కోపం అన్నగారి మీద ఉండటానికి కారణం టీ.

"ఎలా ఉంది?" అంటుంది గ్లాసు చేతికిచ్చి.

"బాగానే ఉంది. కానీ నిన్నటిది ఇంకా బావుంది."

"నిన్న నేను ఊళ్ళో లేను. నువ్వే కాచుకుని తాగావు."

"అందుకే అంటున్నా."

వచ్చినవాళ్ళు ఊరుకుంటారా? ఇంత పోగొట్టుకున్నాక ఒట్టి చేతుల్తో తిరిగి వెళ్ళబుద్ధి కాదు. "పోనీ ఒకరోజు ఉండి చూద్దాం" అని ఎదురుగా ఉన్న లాడ్జిలో దిగుతారు. మర్నాడు పొద్దున్నే నిన్నగారు మెట్ల దగ్గర ప్రత్యక్షమవుతాడు.

"అయ్యయ్యో! నిన్న ఆ రాళ్ళకట్ట చివరి రాయి ఓడలా ఊదిందండీ!"

"నిన్న ఇక్కడే ఉన్నాం కదయ్యా!"

"ఇక్కడంటే ఎక్కడ?"

"దీపస్తంభం మీద. నువ్వే ఎక్కించావు. రెండొందల పన్నెండు మెట్లు."

"అదీ సంగతి! రాయి దగ్గర ఉండాల్సింది."

కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి ఇలా రాయికీ దీపస్తంభానికీ మధ్య తొమ్మిది రోజులు పరిగెత్తింది. భర్త పొద్దున్న రాయి దగ్గరా, భార్య దీపస్తంభం మీదా కాపలా కాసి, సాయంత్రం స్థలాలు మార్చుకునేవాళ్ళు. పెళ్ళయిన కొత్తలో ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండా గడిపిన జంట ప్రపంచంలో అదొక్కటే. ఇప్పటికీ ఒక్క మాట పడకుండా కాపురం చేస్తున్నారని వినికిడి.

లాడ్జి గల్లాబల్ల మీద ఒక పుస్తకం ఉంటుంది, వచ్చినవాళ్ళు అభిప్రాయం రాసి వెళ్ళడానికి. తిరగేస్తే ప్రతి పేజీలోనూ ఒకటే వాక్యం: "వచ్చే ఏడు ఒకరోజు ముందు వస్తాం." ఒక కుటుంబం నిజంగానే ఏటేటా ఒకరోజు ముందుకి జరుగుతూ వచ్చింది. మొదట్లో సెలవుల్లో వచ్చేవాళ్ళు. జరిగి జరిగి ఇప్పుడు పిల్లల పరీక్షల మధ్యలో వస్తున్నారు. పెద్దవాడికి లెక్కల పేపరూ పోయింది, తిమింగలమూ దొరకలేదు. నమ్మేవాళ్ళు నమ్మండి. నమ్మనివాళ్ళు నిన్న వచ్చి అడగండి.

ఊదే రాయి సంగతి మాత్రం పూర్తి అబద్ధం కాదు. రేవుకి అవతల, రాళ్ళకట్ట చివర, మధ్యలో తొర్రలా బొర్రపడిన బండరాయి ఒకటుంది. సముద్రం మంచి పోటు మీదున్నప్పుడు అల సరిగ్గా ఆ బొర్రలో దూరిందంటే, పైనుంచి నీళ్ళు నాలుగు నిలువుల ఎత్తు లేస్తాయి, ఓడ కూత పెట్టినట్టు మోత వస్తుంది. ఏడాదికి నాలుగైదుసార్లు. ఎప్పుడన్నది రాయికే తెలియదు.

ఇక డ్రైవరు.

ఇరవైరెండేళ్ళుగా ఆ ఊరికి రోజూ బస్సు తెచ్చింది ఒకే మనిషి. పదింటికి తెచ్చి ఒంటిగంటకి తీసుకుపోయేవాడు. ఆ మూడు గంటలూ సీట్లోంచి లేవడానికి లేదు. రేవు మలుపు సముద్రం వైపు వాలుగా ఉంటుంది, బస్సుకి హ్యాండ్‌బ్రేకు పనిచెయ్యదు. కొత్తల్లో ఒకసారి టీ తాగడానికి దిగితే, బస్సు తనంతట తనే బయల్దేరి రేవు చూడ్డానికి వెళ్ళింది. వలల గుట్ట అడ్డం పడబట్టి ఆగింది గానీ, లేకపోతే చేపలు టిక్కెట్టు లేకుండా ఎక్కేవి. ఆనాటి నుంచి ఆఫీసువాళ్ళ ఉత్తర్వు: బండి ఆగి ఉన్నంతసేపూ కాలు బ్రేకు మీద ఉండాలి, మరమ్మతు వచ్చే వారం. ఊళ్ళో వింతలన్నీ నిన్న, ఆఫీసులో మరమ్మతులన్నీ రేపు. మధ్యలో ఇవాళ మీద కాలు పెట్టి కూర్చున్నవాడు డ్రైవరొక్కడే.

అతనికి అద్దంలోంచి కనిపించేది చేపల వేలంపాట షెడ్డు గోడ. సముద్రం ఆ గోడకి అవతల ఉంది. ఆ గోడ మీద ఏ పగులు ఎటు తిరిగి ఎక్కడ ఆగుతుందో అతను కళ్ళు మూసుకుని చెప్పగలడు.

నిన్నగారి గుట్టు బయటపెట్టగల మనిషి ప్రపంచంలో ఎవరైనా ఉంటే అతనే. ఎందుకంటే అతను నిన్న వచ్చాడు. మొన్న కూడా వచ్చాడు. కానీ డ్రైవరు బయటపెట్టలేదు. అంతకంటే ఘోరం చేశాడు. నమ్మాడు.

రోజూ పదకొండింటికి చెల్లెలు కిటికీలోంచి టీ గ్లాసు అందించేది.

"ఏమ్మా, నిన్న తిమింగలం వచ్చిందటగా?"

"వచ్చిందట డ్రైవరుగారూ." ఆవిడకి ఆరు గదుల దుప్పట్లు ఆరేసుకునే పని. వాదించే తీరిక ఎక్కడిది?

"నేను ఇక్కడే ఉన్నానమ్మా. ఈ గోడకి ఇటు నేను, అటు అది."

"గోడ అడ్డమొచ్చి ఉంటుంది లెండి."

"అంతేలే."

అంతే అనుకుంటూ ఇరవైరెండేళ్ళు గడిచాయి.

ఒకరోజు బస్సొచ్చింది. ప్రయాణికులు దిగారు, నిన్నగారు నుదురు కొట్టుకున్నాడు, జనం అయ్యో అన్నారు. ఆ వెనక ఇస్త్రీ చొక్కా వేసుకుని డ్రైవరు నిలబడ్డాడు. లోపల బుర్రమీసాల కొత్త డ్రైవరు బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చున్నాడు. బాధ్యతలు అప్పగించడమంటే అదే: ఒకరి కాలు పూర్తిగా లేచేలోపు ఇంకొకరి కాలు పడిపోవాలి. ఆ కొద్దిసేపట్లోనే బస్సు జానెడు ముందుకి జరిగిందట.

"ఇవాళ నాది ఆఖరి ట్రిప్పమ్మా" అన్నాడు డ్రైవరు చెల్లెలితో. "మా ఆవిడ ఒకటే చెప్పింది. ఇన్నేళ్ళూ రాత్రి భోజనం దగ్గర వాళ్ళు చూసింది చెప్పావు, వీళ్ళు చూసింది చెప్పావు. ఇవాళొక్కరోజు నువ్వు చూసింది చెప్పు, అంది. పెద్ద ఆశేం లేదు. తిమింగలం అక్కర్లేదు. రాయి ఊదితే చాలు."

నిన్నగారి చెయ్యి అలవాటుకొద్దీ మళ్ళీ నుదుటిదాకా లేచింది. డ్రైవరు చెయ్యడ్డం పెట్టాడు.

"తెలుసు గైడుగారూ. నిన్న రావాల్సింది. వచ్చాను. రోజూ వచ్చాను."

చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"మీరు... లోపల కూర్చుని వింటూ ఉండేవారా?"

"ఒక్కరోజు వదల్లేదండీ." జేబులోంచి ట్రిప్పు షీట్ల బొత్తి తీశాడు. వెనకవైపున్న ఖాళీ కాగితాల మీద అంతా పెన్సిలు రాత. "తిమింగలం నాలుగొందల పదకొండుసార్లు వచ్చింది. మిట్టమధ్యాహ్నం సూర్యుడు పచ్చరంగుకి తిరిగింది తొంభైమూడు. చేపలు వాటంతటవే పడవలోకి దూకింది, ఇది మాత్రం లెక్క తప్పింది. అన్నిటికీ నేను ఊళ్ళోనే ఉన్నాను. ఒక్కటీ చూళ్ళేదు. నాలాంటి దరిద్రపు జాతకం ఎక్కడైనా ఉంటుందా చెప్పండి?"

నిన్నగారు టోపీ తల మీద పెట్టుకున్నాడు. తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. ఇంతకాలం ఆయన నిన్నలన్నీ గాల్లో కలిసిపోయాయనుకున్నాడు. పెన్సిలుతో రాసిపెట్టినవాడు ఒకడుంటాడని కలలో కూడా అనుకోలేదు.

"నడవండి" అన్నాడు.

ఆ రోజు ఆయన నడిచిన నడక ఊరివాళ్ళు ఎప్పుడూ చూళ్ళేదు. ముందు కర్ర, వెనక డ్రైవరు, ఆ వెనక ఇరవైమంది ప్రయాణికులు. దీపస్తంభం రెండొందల పన్నెండు మెట్లూ ఆగకుండా ఎక్కించాడు. పైనుంచి చూస్తే ఏముంది? సముద్రం దుప్పటి పరిచినట్టు ఉంది. ముడత లేదు. అలలు వస్తున్నాయో మానేశాయో తేల్చుకోలేకుండా ఉన్నాయి. మామూలుగా అయితే ఇక్కడ నిన్నగారు డాల్ఫిన్ల గుంపుని దింపేవాడు. ఇవాళ గొంతు సవరించుకుని, "నీళ్ళు" అన్నాడు.

"ఆఁ" అన్నాడు డ్రైవరు, భక్తిగా.

దిగి వేలంపాట షెడ్డుకి వెళ్ళారు. పాట తెల్లవారుజామునే అయిపోయింది. కడిగేసిన గచ్చు మీద ఒక పిల్లి తప్ప ఎవరూ లేరు. ఇసుకలో ఆరేసిన వలల పక్కనుంచి, రాళ్ళకట్ట మీదుగా చివరికి రాయి దగ్గరికి చేరారు. అప్పటికి పన్నెండు దాటింది.

రాయి నోరు తెరుచుకుని నిద్రపోతున్నట్టు ఉంది. కింద నీళ్ళు మోకాలి లోతు కూడా లేవు.

జనం కూర్చున్నారు. పావుగంట గడిచింది. చెల్లెలు లాడ్జికి తాళం వేసి, ఫ్లాస్కులో టీ పోసుకుని వచ్చింది, డ్రైవరుగారికి ఆఖరి రోజైనా కిటికీ లేకుండా టీ ఇద్దామని. నిన్నగారు రాయి చుట్టూ తిరుగుతున్నాడు. ఒకసారి వంగి బొర్రలోకి తొంగిచూసి మెల్లగా ఏదో బతిమాలాడు కూడా. రాయి "ఫుస్" అని చిన్న తుమ్ము తుమ్మి ఊరుకుంది. డ్రైవరు ఒక్క ఉదుటున లేచాడు.

"ఇదేనా?"

"కాదు" అన్నాడు నిన్నగారు.

డ్రైవరు వాచీ చూసుకున్నాడు. "ఒంటిగంటకి ఇంకా పది నిమిషాలుంది. పోన్లెండి గైడుగారూ, మీరేం చేస్తారు? నా రాత. నిన్న ఊదిందటగా?"

అవునంటే అయిపోయేది. ఒక్క ముక్క. ఆయన జీవితంలో కొన్ని వేలసార్లు అన్న ముక్క. ఇరవైమంది ప్రయాణికులు వింటున్నారు, అందులో పన్నెండుమంది రాత్రికి గదులు తీసుకున్నవాళ్ళు. చెల్లెలు ఫ్లాస్కు మూత తిప్పుతూ తిప్పుతూ ఆగింది.

"లేదండీ" అన్నాడు నిన్నగారు.

"ఏంటి?"

"నిన్న ఊదలేదు. మొన్నా ఊదలేదు. తిమింగలం ఎప్పుడూ రాలేదు. ఆ గుంజ పాతినవాడు తాగి పాతాడు."

ఇరవైమందీ ఒకేసారి ఆ ఒరిగిన గుంజ వైపు తిరిగారు.

"మరి పచ్చ సూర్యుడు?" డ్రైవరు కాగితాలు విప్పాడు.

"లేడు."

"తొంభైమూడుసార్లూ?"

"ఒక్కసారీ లేడు."

"పడవలోకి దూకిన చేపలు?"

నిన్నగారు టోపీ కిందనుంచి తల గోక్కున్నాడు. "ఒకటి దూకింది. నేను పడవలో పనిచేసే రోజుల్లో. వేలెడంత ఉంది. మళ్ళీ వెంటనే బయటికి దూకింది."

"అన్యాయం కదయ్యా!" అన్నాడు గొడుగు పట్టుకున్న ప్రయాణికుడొకాయన. "మేం రెండు గదులు తీసుకున్నాం!"

"మీరు ఉండండి సార్" అన్నాడు డ్రైవరు. "ముందు నా వంతు అవనివ్వండి. గైడుగారూ, మరెందుకు చెప్పారు?"

నిన్నగారు ఎర్రగుడ్డ కర్రతో రాళ్ళ సందులు గెలికాడు. "మా చెల్లెలు లాడ్జి తెరిచిన కొత్తల్లో ఒక్కళ్ళు దిగేవాళ్ళు కారు. వచ్చినవాళ్ళు అరగంట సముద్రం చూసి, ఇంతేనా అని మళ్ళీ మీ బస్సే ఎక్కేసేవాళ్ళు. ఇది పొద్దున్నుంచీ సాయంత్రందాకా ఆరు తాళంచెవులూ తుడుచుకుంటూ కూర్చునేది. ఒకరోజు చూళ్ళేక నోరు జారాను, నిన్న రావాల్సింది అని. నలుగురు దిగిపోయారు. ఇక నోరు వెనక్కి రాలేదు."

పుట్టుకతో వచ్చిన రోగమని ఊరంతా చాటిన చెల్లెలు అక్కడే ఉంది. ఆలోచిస్తే ఆవిడకి గుర్తొచ్చింది. పడవ మీద పనిచేసే రోజుల్లో అన్నయ్య రోజుకి నాలుగు మాటలు మాట్లాడేవాడు, వాటిలో 'నిన్న' లేదు.

డ్రైవరు కాగితాల వంక చూశాడు. రాయి వంక చూశాడు. భుజాలు కదలడం మొదలయ్యాయి. ఏడుస్తున్నాడేమోనని గొడుగాయన కూడా కంగారుపడ్డాడు. కాదు, నవ్వుతున్నాడు.

"అంటే... ఇరవైరెండేళ్ళలో నేను పోగొట్టుకుందేమీ లేదా?"

"ఏమీ లేదు."

"ఉత్త గోడేగా చూశాను!"

"ఆ రోజుల్లో ఊళ్ళో చూడాల్సింది అదేనండీ."

డ్రైవరు కింద కూర్చుని కుడికాలి బూటు విప్పాడు. మేజోడు విప్పాడు. ఇన్నేళ్ళూ బ్రేకు మీదున్న ఆ కాలిని మెల్లగా నీళ్ళలో పెట్టి, "అబ్బా!" అన్నాడు. చెల్లెలు టీ అందించింది. గ్లాసు పట్టుకుని, కాలు నీళ్ళలో ఆడిస్తూ, ఒంటిగంటకి బస్సు హారను మోగేదాకా అలాగే కూర్చున్నాడు. లేస్తూ ఒక్కటే అన్నాడు: "అంతా బానే ఉంది గానీ, మా ఆవిడకి ఏం చెప్పను?"

నిన్నగారు వంగి అతని బూటు అందించాడు.

సాయంత్రానికి పన్నెండుమందిలో తొమ్మిదిమంది గదులు వదిలి ఏదో లారీ పట్టుకుని వెళ్ళిపోయారు. చెల్లెలు అన్నయ్యకి టీ ఇచ్చింది. ఒక గుక్క తాగి, "బావుంది" అన్నాడు.

ఆవిడ గతుక్కుమంది. "నిన్నటిది?"

"గుర్తులేదు."

ఒళ్ళు కాలుతోందేమోనని ఆవిడ నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

మర్నాడు పదింటికి బస్సొచ్చింది. నిన్నగారు టోపీ చేత్తో పట్టుకుని తలుపు పక్కన నిలబడ్డాడు. ప్రయాణికులు దిగారు. ఆయన నుదురు కొట్టుకోలేదు.

"ఇది రేవండీ. అటు దీపస్తంభం, మెట్లు ఎక్కువ. ఇటు ఒక రాయుంది, ఎప్పుడో గానీ ఊదదు. ఒంటిగంటకి బస్సు."

జనం సముద్రం వంక చూసి, "ఇంతేనా?" అన్నారు. చెల్లెలు గుమ్మంలో నిలబడి వింటోంది. చేతిలో ఆరు తాళంచెవులు, ఆవిడకి తెలియకుండానే కొంగుతో తుడుస్తోంది.

బస్సులోంచి అందరికన్నా ఆఖరున ఒక సంచీ దిగింది, సంచీ వెనక ఒకావిడ దిగింది, ఆవిడ వెనక గళ్ళ లుంగీలో డ్రైవరు దిగాడు. కాళ్ళకి చెప్పులు కూడా లేవు. దిగీ దిగగానే అరచేత్తో నుదురు ఠపీమని కొట్టుకున్నాడు.

"అయ్యయ్యో! నిన్న రావాల్సిందండీ మీరు!"

జనం గిరుక్కున తిరిగారు. "ఏం? ఏమైంది?"

"ఏమైందా? ఇరవైరెండేళ్ళుగా ఈ రేవులో ఎవ్వరూ ఎరగనిది నిన్న జరిగింది! నేనిక్కడే ఉన్నాను. ఈ రెండు కళ్ళతో చూశాను, ఈ రెండు చెవులతో విన్నాను. కావాలంటే ఈ అమ్మని అడగండి."

ఇరవై మొహాలు చెల్లెలి వైపు తిరిగాయి. ఆవిడ, నిన్న మొదటిసారి 'లేదండీ' అన్న అన్నయ్య వంక చూసింది. తాళంచెవులు తుడవడం ఆపింది.

"నిజమేనండీ" అంది. "నేనూ ఉన్నాను."

"చూశావా, మా ఆయన చెప్పలేదూ!" అంది డ్రైవరు భార్య పక్కనున్నామెతో, మెడ ఒక బెత్తెడు పొడుగుచేసుకుని. "రాత్రంతా అదే కథ. ఏమిటో మాత్రం ఎంతడిగినా చెప్పడు. ఆ చోటికి వెళ్ళాకే చెప్తాడట. మళ్ళీ జరుగుతుందంటారా?"

ప్రశ్న నిన్నగారికి. ఆయన సముద్రం వంక చూశాడు, నిన్న పరిచిన దుప్పటి అది ఇంకా మడత పెట్టలేదు. డ్రైవరు వంక చూశాడు. డ్రైవరు కన్ను కొట్టాడు. టోపీ దానంతటదే తల మీదికి ఎక్కింది.

"నిన్నలా మాత్రం జరగదమ్మా" అన్నాడు నిన్నగారు.

పదకొండింటికల్లా ఆరు గదులూ నిండాయి. చెల్లెలు టీ తెచ్చి అన్నయ్య చేతిలో పెట్టి, ఎదురుగా నడుం మీద చేతులు వేసుకుని నిలబడింది. ఆయన ఒక గుక్క తాగాడు. పెదవి విరిచాడు.

"బాగానే ఉంది. కానీ నిన్నటిది..."

"హమ్మయ్య!" అని ఆవిడ దుప్పట్లు ఆరెయ్యడానికి వెళ్ళిపోయింది.